నిలకడ నీళ్ళ నిషేధం

రాళ్ళపెంట పురపాలక సంఘం కమిషనరు ఇందుశేఖర్ గారూ, ఈ మాట మీ మొహం మీదే అంటున్నాను. ఎండలు మండిపోతున్న నెలలో బండల యార్డు హమాలీల చేత కాగిన నీళ్ళు తాగించింది మీరు. మీ పక్కన కూర్చుని తలలూపిన వేసవి ఉపశమన కమిటీ వాళ్ళందరూ మీతో పాటు దోషులే. తల ఊపితే ఒళ్ళు చల్లబడుతుందని ఊపామని వాళ్ళు అంటారు. ఆ సాకు ఎక్కడి నుంచి పుట్టిందో ఊరికి తెలియాలి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊళ్ళో పండేది నాపరాయి ఒక్కటే. మధ్యాహ్నం అయ్యేసరికి బండ మీద చెయ్యి ఆనించలేం. ఆ బండల్నే మా వాళ్ళు భుజాలకెత్తుకుని లారీల్లో పేరుస్తారు. యార్డు గేటు పక్కన రేకుల పందిరి, దాని కింద మునిసిపాలిటీ చలివేంద్రం. తడి ఇసుకలో కూర్చోబెట్టిన పెద్ద కుండలు, ఓ కూజా, వాటికి చుట్టిన తడి గోనెలు, వాటి వెనక పీట మీద నీళ్ళు పోసే కాశింబి. ఆ నీళ్ళు కడుపులో పడితే మనిషి ఇంకో లారీ ఎత్తుతాడు. పడకపోతే మనిషే పడిపోతాడు. ఇందులో శాస్త్రం ఎంత ఉందో మాకు అక్కర్లేదు, నీళ్ళు చల్లగా ఉన్నాయా లేదా అన్నదే మా సంగతి.

ఎండలు ముదరకముందే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఈ ఏడు వేసవి చర్యలన్నీ శాస్త్రీయంగా ఉండాలట. శాస్త్రీయం అనే మాట వినగానే మునిసిపల్ ఆఫీసులో అందరికీ చెమట పట్టింది. వెంటనే కమిటీ వేశారు. హమాలీ సంఘం తరఫున నన్నూ పిలిచారు గాని కుర్చీ వెయ్యలేదు. గోడకానుకుని నిలబడి విన్నాను.

కమిషనరు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన మామూలు తెలుగు మాట్లాడరు, ఉత్తర్వుల్లోనే మాట్లాడతారు. కాఫీ కావాలన్నా "ఒక కాఫీ సరఫరా చేయవలసినదిగా ఆదేశించడమైనది" అంటారు. ఇంట్లో కూడా అంతేనని వాళ్ళ డ్రైవరు చెప్పాడు.

"ఉష్ణోగ్రత అనగానేమి అనే అంశంపై సాంకేతిక విభాగం తమ వివరణను సభ ముందుంచవలసినదిగా కోరడమైనది" అన్నారాయన.

అసిస్టెంటు ఇంజనీరు నీలిమ లేచింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. చదువుకున్నది ఇంకా మర్చిపోలేదు.

"ఏ వస్తువులో అయినా కణాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి సార్. ఆ కదలికలో ఉన్న సగటు శక్తికి కొలతే ఉష్ణోగ్రత. కదలిక పెరిగితే వేడి, తగ్గితే చల్లదనం."

కుర్చీలో ఒరిగి కళ్ళు మూసుకున్న ఒక పెద్దమనిషి కళ్ళు తెరిచాడు. అహోబలం గారు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు, ఇప్పుడు పురపాలక సంఘానికి భాషా సలహాదారు. బోర్డుల మీద అచ్చుతప్పులు దిద్దడానికి పెట్టుకున్నారు. బోర్డుల మీద తప్పులు అట్లాగే ఉన్నాయి.

"అమ్మా, ఈ వాక్యం ఎక్కడిది?" అన్నాడాయన.

"సైన్సు పుస్తకంలోది సార్."

"అదీ సంగతి. అనువాదంలో తలకిందులైంది. చలనం, చలి, చలువ. ఈ మూడూ ఒక్క కడుపున పుట్టిన పిల్లలు. చలించేదే చలి. చలనం నుంచి వేడి పుడుతుందంటే ఆవు కడుపున గేదె పుట్టిందన్నట్టు."

సభలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కణాలూ శక్తీ అంటే ఎవరికీ అంతు చిక్కలేదు గాని, ఇది అందరికీ అర్థమైంది.

నీలిమ నెమ్మదిగా అంది: "మాటలు ఒకే మాదిరి ఉన్నంత మాత్రాన సార్..."

"మాట ఊరికే పుడుతుందా తల్లీ? మజ్జిగను చల్ల అంటాం. చల్ల ఎట్లా వస్తుంది? చిలికితే. కుండలో కదలకుండా పెడితే వస్తుందా? విసనకర్ర ఊపితే చల్లన. ఊపకపోతే? టీ కొట్టులో ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి ఎత్తి ఎత్తి పోస్తాడు, వ్యాయామం కోసమా? చలిజ్వరం వచ్చినవాడు వణుకుతాడు. వణుకు చలనం కాదూ? ఇంక చలివేంద్రం. చలి, కేంద్రం. చలనానికి కేంద్రం. అక్కడ నీళ్ళు కదలకుండా కూర్చోబెట్టడం మన భాషకే అవమానం."

నాకు ఆగలేదు. చదివింది తక్కువే అయినా సంధులు మా అయ్యవారు బెత్తంతో నేర్పించాడు.

"అయ్యవారూ, గసడదవాదేశంలో 'క'కు 'గ' వస్తాది. చలిగేంద్రం కావాల గదా. 'వ' యాడ్నుంచి వచ్చె?"

అహోబలం గారు నన్ను జాలిగా చూశాడు. "గ్రీష్మంలో వికల్పం నాయనా."

"సదరు అభ్యంతరం నమోదు చేయబడలేదు" అన్నారు కమిషనరు గారు. "నీటికి నిరంతర చలనం కల్పించడం ద్వారా చలి ఉత్పత్తి చేయుటకు తీర్మానించడమైనది."

అప్పుడే కమిటీ వాళ్ళు తలలూపడం మొదలుపెట్టారు. చెమట ఆరుతున్నట్టు ఉందని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడే నిశ్చల జల నిషేధ ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో ఏ చలివేంద్రంలోనూ నీళ్ళు నిలకడగా ఉండకూడదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు మనుషుల్ని వేసుకుని యార్డుకొచ్చాడు. కుండల్ని ఇసుకలోంచి పెకలించారు. తడి గోనెలు కదలికకు అడ్డమని ఊడదీశారు. పందిరి దూలానికి తాళ్ళు కట్టి, ఉట్ల మాదిరి కుండల్ని వేలాడదీశారు.

"ఊపమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏం ఊపాల సామీ?" అంది కాశింబి.

"కుండల్ని. ఆపకుండా ఊపాల. ఆపితే వేడెక్కుతాయి."

"బిడ్డల్ని ఊపినా, మనవల్ని ఊపినా. ఈ వయసులో నీళ్ళను కూడా నిద్ర పుచ్చాలంటివే."

"జోల పాట ఎత్తుకో అక్కా" అని మద్దిలేటి లారీ మీద నుంచి అరిచాడు. మద్దిలేటి మా యార్డులో అందరికంటే బరువు బండ ఎత్తే మనిషి. నోరు కూడా అందరికంటే పెద్దది. "ఏడ్చే కుండకు ముందు పాలియ్యి."

యార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకుండా అప్పుడే అడ్డం పడుకుని ఉండాల్సింది.

ఊపుడుకు సగం నీళ్ళు నేలపాలయ్యాయి. మిగతా సగం మధ్యాహ్నానికి వెచ్చబడ్డాయి. ఆ సంగతి ఇన్‌స్పెక్టరు పైకి చెప్పాడు. చలనం చాలడం లేదని పైనుంచి జవాబు వచ్చింది. సిమెంటు రోడ్డు వేసేటప్పుడు కాంక్రీటును అదిమే వైబ్రేటరు ఉంటుంది చూడండి, దాన్ని తెచ్చి ఒక కుండకు ఆనించి స్విచ్ వేశారు. కుండ ఆ క్షణంలోనే పెంకులై రాలిపోయింది. రెండోదీ అంతే. మట్టి కుండలు చలనానికి సహకరించడం లేదని తేల్చి, మిగిలిన కుండల్ని జప్తు చేసి ట్రాక్టరులో గోడౌనుకు తోలుకుపోయారు. వాటి చోట ఇనుప డ్రమ్ము పెట్టారు. డ్రమ్ములో ఫ్యాను రెక్క లాంటిది, పైన దాన్ని తిప్పే మోటారు. చుట్టూ ఎండ. మోటారు కాలుతుంది, ఇనుము కాలుతుంది, నీళ్ళు గిర్రున తిరుగుతూ కాలుతాయి.

మద్దిలేటి చెంబు నోట్లో వంచుకుని ఉమ్మేశాడు.

"కాశింబక్కా, ఇంత టీ పొడి వెయ్యి. అమ్ముకుందాం."

"నన్ను తిడితే ఏమొస్తాదిరా. నేనేమన్నా పొయ్యి పెట్టినానా?"

"నిన్ను యాడ తిడితిని. టీ అడిగితి."

ఆ రోజు మధ్యాహ్నమే మద్దిలేటి బండ కింద పెట్టి పక్కన కూలబడ్డాడు. ఒళ్ళు పెనంలాగా కాలుతోంది, మనిషి వణుకుతున్నాడు. నీడలోకి ఈడ్చి, తడిగుడ్డలేసి, ఆటోలో ఆసుపత్రికి పంపాం. మనిషి దక్కాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం రిపోర్టులో "హమాలీకి చలి సోకి వణుకు వచ్చినది" అని రాసుకున్నాడు.

నేను నేరుగా ఆఫీసుకు పోయాను. ఆఫీసులో అడుగు పెట్టగానే నా కళ్ళను నేను నమ్మలేకపోయాను. ఫైళ్ళు కదులుతున్నాయి. ఏళ్ళ తరబడి కదలనివి, ఎలుకలు కాపురం పెట్టినవి, ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు పరుగులు పెడుతున్నాయి. ఫైలు కదిలితే ఆఫీసు చల్లబడుతుందని ఉత్తర్వట. యార్డుకు షెడ్డు కావాలని మేం పెట్టుకున్న అర్జీ కూడా నా కళ్ళ ముందే అన్ని బల్లలూ తిరిగి, ఎవ్వరూ విప్పకుండానే, బయల్దేరిన చోటికే వచ్చింది. అందరి చొక్కాలూ వెన్నుకు అంటుకుపోయి ఉన్నాయి.

కమిషనరు గారి గది గోడకు ఉష్ణమాపకం వేలాడుతోంది. దాని మీద కాగితం అంటించి 'చలనమాపకం' అని రాశారు.

"సార్, నీళ్ళు కాలిపోతాండాయి. మీ మాపకమే డ్రమ్ములో పెట్టి చూడండి, పైకి పోతాంది" అన్నాను.

"పాదరసం పైకి పోవుచున్నది. అనగా పాదరసమునకు చలనం కలిగినది. అనగా చలి పెరిగినది" అన్నారు కమిషనరు గారు. నుదుటి మీది చెమట చుక్క ఉత్తర్వు మీద పడింది. "నేటి చలి నలభై ఆరు డిగ్రీలుగా నమోదైనది. జిల్లాలో ఏ పురపాలక సంఘమూ ఇంత చలిని సాధించియుండలేదు."

"మా మద్దిలేటి ఆసుపత్రిలో ఉన్నాడు సార్."

"చలి తీవ్రత దృష్ట్యా సానుభూతి వ్యక్తం చేయడమైనది."

బయటికొస్తే వరండాలో నీలిమ కనబడింది. ఆమె చేతిలో కూడా ఒక ఫైలు ఉంది. అక్కడే అటూ ఇటూ నడుస్తోంది.

"ఏమ్మా, నువ్వైనా గట్టిగా చెప్పకూడదా?"

"చెప్పినా అన్నా. నీ సూత్రం తెలుగులో లేదు పొమ్మన్నారు."

"నాకన్నా అర్థమయ్యేట్టు చెప్పు. కదిలితే వేడంటావు, మరి విసనకర్రతో చల్లన ఎట్లయితాది? ఆ అయ్యవారు అడిగిన దాంట్లో నాకూ అదొక్కటి గుచ్చుకుంది."

ఆమె నడక ఆపి చెప్పింది. "సంతలో జనం ఉంటారు కదన్నా, తలోదిక్కు పోతా ఒకర్నొకరు గుద్దుకుంటా. నీళ్ళలో కణాలు అట్లా ఉంటాయి. ఆ గుద్దులాట ఎంత జోరుగా ఉంటే అంత వేడి. కుండ మొత్తాన్ని ఎత్తి ఊపితే అది ఆగదు. బస్సు కుదిపితే లోపల తగువులాడే వాళ్ళు ఊరుకుంటారా? ఇంకాస్త పెరుగుతాది అంతే. ఇంక విసనకర్ర. అది కణాల్ని నెమ్మది చెయ్యదు, ఒంటి మీది చెమట తొందరగా ఎగిరిపోయేట్టు చేస్తాది. ఎగిరిపోయేవి ఏవి? బాగా జోరు మీదుండేవి. అవి పోతే మిగిలినవి నిదానంగా ఉండేవి. నిదానం అంటే చల్లన. టీ ఎత్తి పోసినా గాలికి అదే జరుగుతాది. మట్టికుండలో అయితే ఊపనక్కర్లేకుండా దాని గోడలోంచే చెమ్మ ఊరి ఎగిరిపోతాంటాది."

"అంటే చురుకైనవాళ్ళు బయటికి, నిదానస్తులు లోపల."

"అంతేనన్నా."

"మీ ఆఫీసు కూడా అట్లనే నడుస్తాది గదమ్మా."

ఆమె నవ్వలేదు. ఫైలు తెరిచి చూపించింది. ఆమె బదిలీ కాగితం. "నేను కూడా ఆవిరైనా" అంది, అప్పుడు నవ్వింది.

ఇక ఆఫీసులో అడ్డు చెప్పేవాళ్ళు మిగల్లేదు. నలభై ఆరు డిగ్రీల చలి కాబట్టి శీతాకాల సహాయం కింద గోడౌనులో ఉన్న కంబళ్ళు పంచాలని నిర్ణయించారు. నడి మే నెలలో, నడి మధ్యాహ్నం, గొర్రె బొచ్చు కంబళ్ళు హమాలీకి ఒకటి చొప్పున. కూడళ్ళలో కట్టెలు పేర్చి మంటలు పెట్టారు. మంట వేడి కదా అని ఎవరో అడిగితే అహోబలం గారు నవ్వాడట. "చలిమంట అనే మాట వినలేదా? మంటలోనే చలి ఉంది."

కంబళి చేతికొచ్చేసరికి మా వాళ్ళకు కోపం కూడా రాలేదు. నవ్వి నవ్వి నేల మీద కూర్చున్నారు. దాన్ని కింద పరుచుకుంటే బండ చురుకు తగ్గుతుందని ఒకడు, గాడిదకు కప్పుదామని ఒకడు. నాకు వేరే ఆలోచన వచ్చింది.

మా వాళ్ళను వెంటబెట్టుకుని కమిషనరు గారి దగ్గరికి పోయాను. "సార్, జిల్లాలోనే ఎక్కువ చలి సాధించినారు. హమాలీ సంఘం తరఫున సన్మానం చెయ్యాలనుకున్నాం. రేపు మధ్యాహ్నం, యార్డులో."

సన్మానం అన్న మాటకు కాదనే అధికారి ఇంకా పుట్టలేదు. "సమ్మతి తెలియజేయడమైనది" అన్నారు. పక్క నుంచి అహోబలం గారు తన పేరు కూడా కరపత్రంలో వెయ్యమన్నాడు.

యార్డు మధ్యలో నాపరాళ్ళతోనే వేదిక కట్టాం. నీడ పెట్టలేదు, చలిలో నీడ దేనికి. ఇద్దరినీ బండ మీద వేసిన ఇనుప కుర్చీల్లో కూర్చోబెట్టాం. కూర్చున్నవాళ్ళు ఒక్కసారి లేచి మళ్ళీ కూర్చున్నారు. వేదిక ముందు చలిమంట వేశాం. దండలు వేశాం. తరవాత నేను మైకు పట్టుకున్నాను.

"శాలువాలు కప్పే తాహతు మాకు ల్యా. మీరిచ్చిన కంబళ్ళే మీకు కప్పుతాం. ఒక్కో హమాలీ తన కంబళి తనే కప్పుతాడు. దయచేసి కాదనకండి, మీకు చలి పెడ్తాదని మా భయం."

మొదటి కంబళి కప్పాం. కమిషనరు గారు నమస్కారం పెట్టారు. రెండోది కప్పాం, ఫొటో దిగారు. మూడోదానికి ఫొటోగ్రాఫరు వైపు చూడటం మానేశారు. వరస చాలా పొడుగ్గా ఉంది. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన మద్దిలేటి కూడా తూలుకుంటూ వచ్చి తన కంబళి కప్పి, మెడ దగ్గర గాలి చొరకుండా సర్దాడు.

"ఎట్లుంది సార్? చలి ఆగిందా?"

"చలి... గణనీయముగా..." అన్నారు కమిషనరు గారు. ముఖం ఎర్రమట్టి రంగుకు తిరిగింది.

అహోబలం గారు కంబళ్ళ లోపల నుంచి గొణిగాడు. "నాయనా, ఈ గ్రీష్మ వికల్పం ఇంక చాలు."

"ఏమన్నారు పంతులు గారూ? చలిగా ఉంది అన్నారా?"

"వేడి" అన్నాడు పండితుడు. ఆయన నోటి నుంచి ఆ నెలలో వచ్చిన మొదటి శుద్ధమైన తెలుగు మాట అదే.

"నీళ్ళు" అన్నారు కమిషనరు గారు. ఆదేశించడమైనది అనలేదు, కోరడమైనది అనలేదు. ఉత్త మనిషి మాట.

డ్రమ్ము నీళ్ళు చెంబుతో తెచ్చి ఇచ్చారు. గుక్క మింగి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అప్పుడు కాశింబి బండల దొంతర సందులో చెయ్యి పెట్టి గోనె తొలగించింది. జప్తు నాడు ట్రాక్టరు ఎక్కకుండా దాచిన ఒక్క కుండ. ఆమె చెంబు ముంచి తెచ్చింది.

"ఈ నీళ్ళు... ఊపినవేనా?" అని అడిగారాయన. చెంబు అప్పటికే నోటి దగ్గర ఉంది.

"ల్యా సామీ. పాపం, కుదురుగా కూర్చోనుండాయి."

ఆయన తాగారు. ఇంకో చెంబు తాగారు. అహోబలం గారు చెంబు కోసం ఆగలేక కుండ దగ్గరికే నడిచాడు. తాగి, కళ్ళు మూసుకుని, "ఆహా, చలువ" అన్నాడు. ఏ ధాతువు నుంచి వచ్చిందో చెప్పలేదు. కంబళ్ళు మేమే తీశాం. మా ఉద్దేశం సన్మానమే, హత్య కాదు.

గెలిచామనుకుని యార్డంతా ఈలలు వేసింది. రేపటికల్లా కుండలు తిరిగొస్తాయని కాశింబి ఇసుక తడిపి పెట్టుకుంది.

తెల్లారి ఉత్తర్వు వచ్చింది. "నిశ్చల జలంలో చలి ఉత్పత్తి అగుచున్నట్లు కమిషనరు గారి స్వీయ పరిశోధనలో తేలినందున, జప్తు చేసిన కుండలన్నింటినీ తదుపరి పరిశోధన నిమిత్తం అధికారుల గదులలో భద్రపరచవలెను. కుండల నిర్వహణలో అనుభవం గల కాశింబిని ఆఫీసునకు డిప్యుటేషన్‌పై తీసుకోవడమైనది." దాచిన ఆ ఒక్క కుండను కూడా పట్టుకుపోయారు. కమిషనరు గారికి రెండు కుండలు, మేనేజరుకు ఒకటి, ఇన్‌స్పెక్టరుకు కూజా. యార్డులో మాత్రం డ్రమ్ము అలాగే తిరుగుతోంది. ఎందుకంటే నిషేధ ఉత్తర్వును ఎవరూ రద్దు చెయ్యలేదు, అది అమలు కావలసింది హమాలీల మీదే.

కమిషనరు గారూ, మీకు నిజం తెలియదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తెలియనివాడిని తిట్టి లాభం లేదు, నేర్పాలి. ఇప్పుడు మీకు తెలుసు. రెండు చెంబుల నిండా తెలుసుకున్నారు. తెలిసి కూడా చల్లటి నీళ్ళు మీరుంచుకుని మాకు మోటారు వదిలారు చూడండి, దానికి పేరు అజ్ఞానం కాదు. మోటారు ఆపండి. ఆ ఉత్తర్వును చింపండి, ఫైలులో పెట్టి ఊరేగించొద్దు. నీలిమను వెనక్కి రప్పించండి. మీ గదుల్లో ఉన్న ప్రతి కుండా, కూజాతో సహా, రేపు లారీలు వచ్చేలోగా యార్డులో ఇసుక మీద దిగాలి. కాశింబి తన పీట మీద కూర్చోవాలి. అప్పటిదాకా రాళ్ళపెంటలో ఒక్క బండ భుజానికెక్కదు, ఒక్క లారీ గేటు దాటదు. బండలు కదలకపోతే ఊళ్ళో ఎవరెవరు వేడెక్కుతారో అహోబలం గారిని అడిగి తెలుసుకోండి. ముందు కుండలు పంపండి.